కాటా అక్క వాకిట్లో పడ్డ టేకు

ఆమెని ఆ వీధిలో అందరూ కాటా అక్క అనేవాళ్లు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గాని, అది ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా కనబడదు. లారీలు తూచే కాటా దగ్గర ఇరవై ఆరేళ్లు కూర్చుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. నేలకి సమానంగా పరిచిన ఇనప వేదిక మీదికి లారీ ఎక్కి నిలబడితే, పక్కన రేకుల గదిలో ఆమె ముందు అంకె వెలుగుతుంది. ఖాళీ లారీని ఒకసారి, సరుకుతో ఒకసారి తూచి, తేడా చీటీ మీద రాసి, కార్బన్ నకలు తన దగ్గర ఉంచుకుని, పైది చింపి ఇవ్వడం ఆమె పని. మనుషుల్ని కూడా ఆమె అలాగే తూచేది. చాలామంది ఆమె లెక్కలో ఖాళీ లారీలే.

ఆ దారి కలప దారి. ఒక పక్క కోత మిల్లులు, ఇంకో పక్క దుంగల డిపోలు. ప్రతి డ్రైవరు చేతిలోనూ అటవీ శాఖ ఇచ్చిన అనుమతి కాగితం ఉండేది. కాగితం మీద గుండ్రటి ముద్ర, ముద్ర కింద దేవుడికి కూడా అర్థం కాని సంతకం. కాగితంలో వంటచెరకు అని ఉంటే లారీలో టేకు దుంగలు ఉండేవి. కాగితంలో పది టన్నులుంటే కాటా మీద పదహారు తూగేది. అక్క బరువు మాత్రం కిలో తేడా లేకుండా రాసేది. చీటీలో "సరుకు" అనే గడి ఒకటుంది. అందులో డ్రైవరు ఏది చెబితే అది రాసేది. ఆ గడి తనది కాదనుకునేది.

ఇన్నేళ్లు ఇది చూశాక ఆమెకి ఆ ముద్రల మీద గాని, వేసే చేతుల మీద గాని చిటికెడు గౌరవం మిగల్లేదు. అడవి ఆఫీసు వాళ్ల ప్రస్తావన వస్తే చాలు, ఆమె మూతి పుల్లటిది కొరికినట్టు అయ్యేది. "వీళ్లకి చెట్టు పచ్చగా ఉంటే కనపడదు, లారీ ఎక్కాకే కనపడుతుంది" అనేది.

ఆమె భర్త దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషను వేసుకుని కుట్టేవాడు. పనిమంతుడు, మెత్తని మనిషి. ఆ మెత్తదనమే అక్కకి గిట్టేది కాదు. ఖాకీ గుడ్డ కనబడితే చాలు, అది మనిషి ఒంటి మీదుందో తీగ మీద ఆరేసి ఉందో కూడా చూడకుండా చేతులు జోడించే రకం. ఇంట్లో మూడో మనిషి అతని తల్లి. డెబ్బై ఎనిమిదేళ్లది. మోకాళ్లు పోయాయి, చెవులు సగం పోయాయి, నోరు మాత్రం నిన్న చేయించినట్టు ఉండేది. అత్తాకోడళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి భయం లేదు, అందుకని సఖ్యంగానే ఉండేవాళ్లు.

వాళ్ల వాకిట్లో టేకు చెట్టు ఆ ముసలమ్మ నాటిందే. ముప్పై ఒక్క ఏళ్ల కిందట అడవి ఆఫీసు వాళ్లే మైకు పెట్టుకుని వీధిలోకి వచ్చారు. ప్రతి ఇంటికీ రెండేసి మొక్కలు ఇచ్చి, నాటండి, పెంచండి, పెరిగాక మీదే అని ఊదరగొట్టి వెళ్లారు. ఒక మొక్కని మేక తినేసింది. రెండోది చేటంత ఆకులేసుకుని ఇంటి కప్పుని దాటిపోయింది. అది టేకు కాబట్టి, టేకు సర్కారు వారి జాబితాలో ఉంది కాబట్టి, పెరిగే కొద్దీ అది వీళ్లది కాకుండా పోయిందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. అరగంట కూడా లేదు గాని ఆ అరగంటలోనే వీధి వీధంతా తలకిందులైంది. టేకు చెట్టు కుదుళ్లతో సహా లేచి అడ్డంగా పడింది. వేళ్లు సగం నేలలోనే ఉన్నాయి, సగం మట్టితో పైకి లేచాయి. మాను వాకిలి మొత్తానికీ అడ్డంగా ఒరిగి, ప్రహరీ గోడ మీద ఆనుకుంది. తల భాగమంతా గోడ అవతల వీధిలో పడింది. ఇంటి గుమ్మానికీ గేటుకీ మధ్య నడుమెత్తున ఉన్న ఆ మానుని దాటకుండా ఇంట్లోకి రాలేరు, బయటికి పోలేరు.

వీధిలో పడ్డ భాగాన్ని పురపాలక సంఘం మనుషులు ఆ సాయంత్రమే గంటలో కోసి, బండిలో వేసుకుని పోయారు. అనుమతి, దరఖాస్తు, ఏమీ లేవు. అది పెద్దవాళ్ల కార్లు వెళ్లే వీధి. గోడ ఇవతల ఉన్నది మాత్రం ముట్టుకోలేదు. అది వాళ్ల పరిధి కాదట.

మర్నాడు పొద్దున్నే వీధి చివర ఉండే కట్టెలు కొట్టే తాత రంపం పట్టుకుని వచ్చాడు. పూట పని, మధ్యాహ్నానికి దారి చేసేస్తానన్నాడు. దర్జీ అడ్డంపడ్డాడు. టేకు పడిపోయినా సరే, శాఖ వాళ్లు వచ్చి చూసి, కొలిచి, సుత్తితో ముద్ర కొట్టేదాకా ముక్క కొయ్యకూడదని, కోస్తే కేసవుతుందని, పక్క వీధిలో ఒకాయన అలాగే కోసి ఏడాది పాటు కోర్టు మెట్లెక్కాడని వణుకుతూ చెప్పాడు. తాతకి ఆ మాట విన్నాక రంపం బరువెక్కింది. మెల్లగా వెనక్కి నడిచాడు.

"గాలికి పడ్డ చెట్టుకి కూడా వీళ్ల సెలవు కావాలా?" అంది అక్క.

"చట్టం అంతే మరి" అన్నాడు దర్జీ, ఆ చట్టం తనే చేసినంత అపరాధంగా.

సెలవు పెట్టుకుని ఆమె అడవి ఆఫీసుకి వెళ్లింది. పొడుగాటి వసారా, గోడ వెంట బెంచీలు, బెంచీల మీద కాళ్లు చాపుకున్న జనం. గోడకి ఒక పెద్ద పటం. చెట్లని కాపాడండి అని రాసి ఉంది. ఆ పటం ప్లైవుడ్ మీద అతికించారు. లోపల గుమాస్తా టేబుల్ మీద కాగితాల దొంతర్లు, ఆ దొంతర్లు కదలకుండా బరువుగా పెట్టిన చెక్క ముక్కలు. అక్క ఒక ముక్క ఎత్తి చూసింది. మంచి టేకు.

గుమాస్తా నాలుగు పేజీల ఫారం ఇచ్చాడు. ఆమె అక్కడే నిలబడి నింపి ఇచ్చింది. అతను చదివి, రెండో పేజీ దగ్గర ఆగాడు.

"చెట్టు కొట్టినవారి పేరు గడి ఖాళీగా ఉంచారు."

"ఎవరూ కొట్టలేదు. గాలికి పడింది."

"అది కింద గడిలో రాయండి. ఈ గడి ఖాళీగా ఉంటే పై టేబుల్ వాళ్లు తీసుకోరు."

అక్క కలం తీసుకుని ఆ గడిలో "గాలి" అని రాసి ఇచ్చింది. గుమాస్తా ఆ కాగితాన్ని కాసేపు చూశాడు. "గాలి అన్నది ఇంటిపేరు కదా. అసలు పేరేది?" అని అడిగాడు. అతని మొహంలో వెటకారం ఏమైనా ఉందేమోనని ఆమె వెతికింది. లేదు. అప్పుడు ఆమెకి మొదటిసారి కొంచెం భయం వేసింది. దొంగని చూసి ఆమె ఎన్నడూ భయపడలేదు. ఈ బాపతు మనిషిని ఎదురుగా ఎప్పుడూ తూచలేదు.

ఇంకో చిక్కు వచ్చింది. చెట్టు తమదేనని రుజువు కావాలన్నాడు. మీ ఆఫీసు వాళ్లే ఇచ్చిన మొక్క అని ఆమె చెబితే, ఇచ్చినట్టు రసీదు ఉందా అని అడిగాడు. ముప్పై ఒక్క ఏళ్ల నాటి మొక్కకి రసీదు. ఇంకో మొక్కని తిన్న మేక దగ్గర ఉందేమో అడిగి వస్తానని చెప్పి ఆమె బయటికొచ్చేసింది. చివరికి ఇంటి పన్ను కాగితం, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలు, ముసలమ్మ వేలిముద్ర జత చేస్తే దరఖాస్తు తీసుకున్నారు.

మూడు వారాలకి నోటీసు వచ్చింది. చెట్టు కూల్చిన విషయమై శ్రీ గాలి గారు స్వయంగా హాజరు కావలసిందని ఉంది. ముసలమ్మ అది రెండుసార్లు చదివించుకుని, వానాకాలం దాకా ఆగమనండి, అప్పుడు వస్తాడని చెప్పమంది.

ఈలోగా మానుతో కాపురం మొదలైంది. దర్జీ మాను కింద నుంచి వంగి వెళ్లేవాడు, వంగి వచ్చేవాడు. మొదటి వారంలోనే అతనికి అది అలవాటైపోయింది. మాను లేనిచోట కూడా గేటు దాటగానే నడుం వంచేవాడు. అక్క మాత్రం వంగనంది. అటొక స్టూలు, ఇటొక స్టూలు వేయించి, యాభై మూడేళ్ల వయసులో చీర కుచ్చిళ్లు దోపుకుని రోజుకి నాలుగు సార్లు మాను ఎక్కి దిగేది. ముసలమ్మకి వంగడానికి నడుం లేదు, ఎక్కడానికి మోకాళ్లు లేవు. ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకుని వీధిని మాను మీదుగా చూస్తూ కూర్చునేది. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు ఈ విన్యాసాలు చేయలేక వేరే దర్జీని చూసుకోవడం మొదలెట్టారు. దర్జీ మిషను మోసుకెళ్లి గేటు బయట గొడుగు కింద పెట్టుకున్నాడు.

ఐదో వారంలో ఫారెస్టు గార్డు వచ్చాడు. బాగా పెరిగిన మీసం, బాగా పెరిగిన పొట్ట. చెట్టు కొలవడానికి వచ్చినవాడు టేపు తేలేదు. ఆఫీసులో ఒకే టేపు ఉందట, అది బీరువాలో ఉందట, తాళం చెవి శిక్షణకి వెళ్లిన మనిషి దగ్గర ఉందట. దర్జీ పరుగున తన మెడలో టేపు తీసి ఇచ్చాడు. ఇచ్చి, అలవాటు కొద్దీ కలం చెవి మీంచి తీసి, "ఛాతీయా, నడుమా సార్?" అని అడిగాడు.

ప్రశ్న వెర్రిదే గాని గార్డు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. నిబంధన ప్రకారం చెట్టు చుట్టుకొలత ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున తీసుకోవాలి. ఈ చెట్టు పడుకుని ఉంది. గార్డు మాను పొడవునా రెండుసార్లు నడిచాడు. ఎక్కడ చూసినా అది నేలకి మూడడుగుల ఎత్తులోనే ఉంది. వేళ్ల దగ్గర్నుంచి నాలుగున్నర అడుగులు జరిగి కొలవచ్చు కదా అని అక్క అంటే, అది ఎత్తు కాదమ్మా, దూరం అన్నాడు. కొలత పుస్తకంలో "నిర్ణీత ఎత్తులో చెట్టు లభ్యం కాలేదు" అని రాసుకుని, ఇచ్చిన టీ తాగి, టేపు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. దర్జీ ఆ టేపుని అడిగి వెనక్కి తీసుకోవడానికి కూడా మొహమాటపడ్డాడు. అక్కే గేటు దాకా వెళ్లి, జేబులోంచి వేలాడుతున్న కొస పట్టుకుని లాక్కుంది.

ఆమె రోజూ ఆ మాను దాటి పనికి వెళ్లి, అక్కడ లారీల నిండా టేకు తూచి, మళ్లీ ఆ మాను దాటి ఇంట్లోకి వచ్చేది. ఇక్కడ ఒక్క చెట్టుకి నాలుగు పేజీలు, రెండు సంతకాలు, ఒక వేలిముద్ర. అక్కడ రోజుకి పాతిక చెట్లు వంటచెరకు పేరుతో కళ్లముందే కదిలిపోతున్నాయి. ఏనుగులు పోయే గేటులో చీమని పట్టుకుని సోదా చేస్తున్నారని ఆమె తోటివాళ్లతో అనేది. అంటూనే చీటీ రాసేది.

నాలుగో నెలలో అడవి ఆఫీసుకి పెద్ద, రేంజరే, కాటా దగ్గరికి వచ్చాడు. జీపు దిగి రేకుల గది గుమ్మంలో నిలబడి, కుశలం అడిగాడు. ఊరికే రారు గదా పెద్దవాళ్లు. సంగతేమిటంటే, పై ఆఫీసు తనిఖీ దళం ముందురోజు ఒక లారీని పట్టుకుంది. ఆ లారీకి కాగితంలో పది టన్నులు, లోపల పదిహేడు. ముందురోజు తేదీతో పది టన్నుల చీటీ ఒకటి ఉంటే అందరికీ సుఖం. మీ చెట్టు సంగతి కూడా విన్నాను, రేపే గార్డుని సుత్తితో పంపిస్తాను అన్నాడు.

"లారీ ఎక్కడుంది సార్?" అంది అక్క.

"లారీ ఎందుకమ్మా, చీటీ చాలు."

"చీటీ కావాలంటే ఏదో ఒకటి కాటా ఎక్కాలి సార్. మీరెక్కండి, మీ బరువు రాసిస్తాను."

హమాలీలు నవ్వు ఆపుకోలేక దుంగల చాటుకి పోయారు. రేంజరు నవ్వలేదు, కోప్పడలేదు. మంచిదమ్మా అని జీపెక్కాడు. అరగంటలో అవతల వీధి కాటా నుంచి ఆ చీటీ ఆయనకి అందింది. ఆ విషయం అక్కకి సాయంత్రానికే తెలిసింది. అయినా రెండు రోజులు ఆమె మాను ఎక్కి దిగేటప్పుడు పెళ్లిపీటలు ఎక్కుతున్నంత ఠీవిగా ఎక్కింది.

మూడో రోజు ఉత్తర్వు వచ్చింది. రేంజరు గారు స్వయంగా దస్త్రం పరిశీలించారు. పడిన చెట్టు వేళ్లు సగం నేలలో ఉన్నాయి. కొన్నాళ్లుగా మాను మీద కొత్త చిగుళ్లు వచ్చాయి; నిలువుగా, వరసగా, జానెడేసి ఎదిగాయి. అందువల్ల చెట్టు సజీవంగా ఉన్నట్టు తేలింది. సజీవంగా ఉన్న చెట్టుని పడిపోయిన చెట్టుగా పరిగణించడం కుదరదు. దరఖాస్తు తిరస్కరించడమైనది. నిలిచి ఉన్న చెట్టుని నరకదలచుకుంటే వేరే ఫారంలో పెట్టుకోవాలి. పైగా మాను మీద మొలిచిన తొమ్మిది మొక్కల్ని రిజిస్టరులో నమోదు చేశారు. వాటి సంరక్షణ బాధ్యత ఇంటి యజమానిది.

అక్క ఆ కాగితం మాను మీద కూర్చునే చదివింది. చదువుతూ పక్కనున్న చిగురు ఆకు ఒకటి తుంచి వేళ్ల మధ్య నలిపింది. లేత టేకాకు నలిపితే ఎర్రటి రసం వస్తుంది. వేళ్లు రెండూ ఎర్రబడ్డాయి. గుమ్మంలోంచి అత్తగారు అరిచినంత గట్టిగా హెచ్చరించింది, తుంచకే, ఇప్పుడది కూడా కేసు అని.

ఆ వారంలోనే ఇంకొకటి తెలిసింది. దర్జీ కొలతల పుస్తకంలో అక్క ఏదో వెతుకుతుంటే ఒక పేజీ కనపడింది. "రేంజి సారు. నడుం నలభై నాలుగు. రెండు జతలు, ఖాకీ." పక్కన పైకం గడిలో గీత పెట్టి ఉంది. భర్త రేంజరు బంగళాకి వెళ్లి, ఊరికే కొలతలు తీసుకుని, ఊరికే కుట్టి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చి వచ్చాడు. అదీ ఎప్పుడు? కొలతల తేదీ ఆమె కాటా దగ్గర ఆ మనిషిని జీపెక్కించి పంపిన మర్నాటిది.

అక్క అరవలేదు. ఆమెకి అసహ్యం ఎక్కువైతే గొంతు చిన్నదవుతుంది. పెళ్లయిన నాటి నుంచి ఈయన వంగని గుమ్మం లేదని, మాను పడ్డది దేవుడు ఈయన సౌకర్యం కోసం చేసిందేనని, రేంజరు నడుం కొలిచిన చేతులతో ఇంట్లో కంచం ముట్టుకోవద్దని, ఒక్కో మాటా సూది గుచ్చినట్టు గుచ్చింది. దర్జీ గుండీలు కుడుతూ అన్నీ విన్నాడు. దారం కొరికి, గుడ్డ పక్కన పెట్టి, అప్పుడు తలెత్తాడు.

"నేను రెండు జతలు కుట్టాను. తప్పే. నువ్వు ఇరవై ఆరేళ్లలో ఎన్ని టేకు లారీలకి వంటచెరకు అని రాసిచ్చావు?"

ఆమె బరువు ఎప్పుడూ తప్పు రాయలేదని చెప్పబోయింది.

"బరువు సంగతి కాదు నేను అడిగేది. నువ్వు ఎవరికీ వంగలేదు, నిజమే. నిటారుగా కూర్చునే రాశావు."

కాపురంలో అతను ఆమెకి ఎదురు చెప్పడం అదే మొదలు. చెప్పాక అతనే బెదిరిపోయి మళ్లీ సూదిలో దారం ఎక్కించుకున్నాడు. ప్రపంచంలో ప్రతివాణ్నీ తూచి పక్కన పెట్టిన మనిషి, తనొక్కతే ఏనాడూ ఆ ఇనప వేదిక ఎక్కలేదు.

మర్నాటి నుంచి చీటీలో సరుకు గడి ఆమెదైంది. మొదటి లారీ వచ్చింది. వంటచెరకు అన్నాడు డ్రైవరు. అక్క గదిలోంచి దిగి, టార్పాలిన్ ఎత్తి చూసి, వెనక్కి వచ్చి "టేకు దుంగలు, నలభై ఒకటి" అని రాసింది. డ్రైవరు ముందు వేళాకోళం అనుకున్నాడు. తర్వాత బతిమాలాడు. ఆ రోజు అలాంటి చీటీలు పద్నాలుగు రాసింది. రెండో రోజు తొమ్మిది. మూడో రోజుకి లారీలన్నీ అవతల వీధి కాటాకి మళ్లాయి. ఇనప వేదిక మీద కాకులు తిరిగాయి.

నకళ్ల కట్ట తీసుకుని ఆమె తనిఖీ దళం ఆఫీసుకి కూడా వెళ్లింది. అక్కడి అధికారి కుర్చీ వేయించాడు, కట్టంతా తిరగేశాడు, చాలా మెచ్చుకున్నాడు. అక్క కళ్లు అతని మొహం మీద కాకుండా చొక్కా మీద పడ్డాయి. జేబు మూత మీద రెండు వరసల కుట్టు. అలా కుట్టే దర్జీ ఆ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. ఒక జత అతను ఇక్కడ కూడా ఇచ్చుకున్నాడన్నమాట, లేదా రేంజరే కానుకగా పంపాడు. ఏదైతేనేం. ఆమె కట్ట అక్కడే వదిలేసి వచ్చింది. దాని సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వారం చివర కాటా యజమాని వచ్చాడు. నెమ్మదస్తుడు. అక్కా, బరువు మనది, సరుకు వాళ్లది, ఇన్నాళ్లూ నీకు తెలియనిదా అన్నాడు. వయసు మీద పడింది, ఇంట్లో విశ్రాంతి తీసుకో అన్నాడు. తన అల్లుడు ఖాళీగా ఉన్నాడని కూడా అన్నాడు. ఆమె కలం టేబుల్ మీద పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని వచ్చేసింది. వీడ్కోలు చెప్పడానికి హమాలీలు నలుగురు రోడ్డు దాకా వచ్చారు. యజమాని అల్లుడు అప్పటికే కుర్చీ ఎత్తు సరిచేసుకుంటున్నాడు.

ఇంట్లో ఉండటం మొదలెట్టాక ఆమెకి మాను ఇంకా పెద్దదిగా కనబడింది. రెండో ఫారం పెట్టింది. దానికి జవాబు లేదు. ఇలా ఉండగా ఒక పొద్దున వీధిలో కూరల బండి వస్తే, కోడలు పెరట్లో ఉన్న సమయం చూసి ముసలమ్మ స్టూలెక్కింది. ఎనిమిది నెలలుగా వీధిలో కాలు పెట్టలేదు ఆమె. మాను మీదికి ఒక కాలు వేయగలిగింది. రెండో కాలు రాలేదు. పడటంతో కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి నలుగురు మనుషులు ఆమెని కుర్చీతో సహా ఎత్తి మాను మీదుగా అందించుకున్నారు, గోనె బస్తాని లారీకి అందించినట్టు. అంత నొప్పిలోనూ ఆమె, నన్ను కూడా కొలిచి ముద్ర కొట్టించండ్రా, తీసుకుపోవడానికి సెలవుండాలిగా అంది. మోసేవాళ్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అక్క ఆసుపత్రి నుంచి తిన్నగా మేస్త్రీ ఇంటికి వెళ్లింది. ఆ వారం తిరక్కుండా వంటగది వెనక గోడ కొట్టించి, వెనక సందులోకి ద్వారం పెట్టించింది. గోడ కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఇటుక జాబితాలో లేదు. అప్పట్నుంచి ఇంటికి ఎవరొచ్చినా ముందు పొయ్యి, తర్వాత బియ్యం డబ్బాలు, ఆ తర్వాత మనుషులు కనబడేవాళ్లు. దర్జీ మిషను సందు వైపు చేరింది. ముసలమ్మ కట్టు కట్టిన చెయ్యితో సందులో కూర్చుని, వీధి కన్నా ఇక్కడే కబుర్లు ఎక్కువున్నాయని తేల్చింది. ముందు వాకిలిని టేకుకి వదిలేశారు. తొమ్మిది పిలకలూ నిలువుగా మనిషెత్తు పెరిగాయి.

రెండో ఏడు నడుస్తుండగా సర్కారు మనసు మార్చుకుంది. సొంత స్థలాల్లో పెంచిన టేకుని జాబితాలోంచి తీసేశారు. ఎవరి చెట్టు వాళ్లు ఎప్పుడైనా కొట్టుకోవచ్చు. పది రోజులకి అక్క పేరన ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. "ఇకపై అనుమతి అవసరం లేనందున, అనుమతి కోరుతూ తమరు పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరించడమైనది" అని ఉంది. కింద గుండ్రటి ముద్ర.

కట్టెలు కొట్టే తాత తన తమ్ముణ్ని వెంటేసుకుని వచ్చాడు. పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళకి మానుని నాలుగు దుంగలు చేసి పక్కన పేర్చారు. దాదాపు రెండేళ్లు అడ్డంగా పడున్నది పూట పనిలో తేలిపోయింది. మిల్లుకి తోలిస్తే మిల్లువాడు కోతకి ముందు అనుమతి కాగితం అడిగాడు. అక్కర్లేదన్నారుగా అంటే, అక్కర్లేదనే కాగితమైనా ఉండాలన్నాడు. అక్క తిరస్కరణ ఉత్తరం ఇచ్చింది. అతను ముద్ర వైపు చూసి, సరిపోతుందని, ఫైల్లో పెట్టుకున్నాడు.

పై పొరని చెద తిన్నా లోపలి చేవ చెక్కు చెదరలేదు. దాంతో దర్జీకి గుడ్డ కత్తిరించే బల్ల ఒకటి, ముసలమ్మకి చేతులున్న కుర్చీ ఒకటి వచ్చాయి. రేంజరుకి ఆ ఏడే పై హోదా వచ్చింది. వెళ్లే ముందు దర్జీకి కబురు పెట్టాడు, కొత్త హోదాకి తగ్గ జత ఒకటి కావాలని. దర్జీ భార్య మొహం చూశాడు. కూలి ఎంతో ముందే చెప్పి రమ్మంది, అంతే. అతను వెళ్లి, తల దించుకునే గాని, చెప్పి వచ్చాడు. కొత్త జత మాట మళ్లీ రాలేదు.

అక్క ఇప్పుడూ ఎవర్నీ మెచ్చుకోదు. కాని ఆ చుట్టుపక్కల ఎవరికి ఏ ఫారం నింపాలన్నా వెనక సందులోకే వస్తారు. టేకు పోయినా జాబితాలో ఇంకా ముప్పై రకాలున్నాయి. మొన్న ఒకాయన వచ్చాడు, గోడ మీదికి ఒరిగిన నల్లమద్ది కొట్టించాలట. ఆమె అతన్ని కొత్త బల్ల పక్కన కూర్చోబెట్టి, అద్దాలు పెట్టుకుని, చెట్టు వయసు, నాటిందెవరు, గోడ కట్టిందెప్పుడు అని వరసగా అడగడం మొదలెట్టింది. రెండో ప్రశ్నకే అతను తడబడ్డాడు.

"అబద్ధమాడేట్టయితే ఆఫీసులో ఆడుకో బాబూ, అక్కడ అలవాటే" అంది అక్క. "నా దగ్గర ఉన్నది చెప్పు, రాస్తాను."